డ్రిల్ చప్పుడంటేనే వణుకు. తగ్గించుకునే దారి ఉందా?

పిప్పిపన్ను
ఫిల్లింగ్ తప్పదన్నారు. నొప్పి గురించి బెంగ లేదు, మత్తు ఇస్తారు కదా. ఆ కీచుమనే మోతే నా వల్ల కాదు. పక్క గదిలో ఎవరికో డ్రిల్ చేస్తున్నా నాకు అరచేతులు చెమటలు పట్టేస్తాయి. చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంటే సరిపోతుందా?

అర్ధరాత్రి_పాఠకి
దూది జోలికి పోకండి. నేను ఇయర్‌ప్లగ్స్ పెట్టుకున్నాను. బయటి మాటలు తగ్గాయి గానీ లోపలి గరగర ఇంకా పెద్దదైంది. డాక్టరు గారు "నోరు ఇంకాస్త తెరవండి" అంటే అదీ వినపడలేదు!

తెల్లకోటు
నేను డెంటిస్టుని. పైన చెప్పింది నిజమే. ఈ చప్పుడు రెండు దారుల్లో వస్తుంది: గాలిలోంచి చెవికి ఒకటి, పంటి నుంచి దవడ ఎముక గుండా నేరుగా లోపలి చెవికి ఇంకొకటి. చెవి మూస్తే మొదటిది తగ్గి, రెండోది పైకి తేలుతుంది. వేళ్లతో చెవులు మూసుకుని ఒకసారి మాట్లాడి చూడండి, తెలిసిపోతుంది.

ఆ కీచు మాత్రం ఎయిరోటర్‌ది, అంటే గాలితో తిరిగే మా మామూలు డ్రిల్‌ది. గాలి ఒత్తిడికి అందులోని బుల్లి టర్బైన్ నిమిషానికి మూడు నాలుగు లక్షల చుట్లు తిరుగుతుంది. ఎలక్ట్రిక్ హ్యాండ్‌పీస్ (కరెంటు మోటారుతో తిరిగే డ్రిల్) అయితే దాదాపు 2 లక్షలే. శ్రుతి దిగుతుంది, కీచు పోయి గుర్రుమంటుంది. బరువెక్కువ, మా మణికట్టుకి తెలుస్తుంది, అది వేరే గోల. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఉందేమో అడగండి. బేరింగులు అరిగినా, నూనె సరిగ్గా వేయకపోయినా ఉన్న ఎయిరోటరే ఇంకా అరుస్తుంది. ఆ పాపం మాది.

హెర్ట్జ్
నాయిస్ క్యాన్సలింగ్ హెడ్‌ఫోన్స్ మీద ఆశ పెట్టుకునేవాళ్లకి: అవి విమానం హోరులాంటి కింది శ్రుతి మోతల్ని బాగా అణుస్తాయి. సుమారు 1000 హెర్ట్జ్ దాటాక పట్టు సడలుతుంది. డ్రిల్ కీచు కొన్ని వేల హెర్ట్జ్. పైగా బర్ (డ్రిల్ కొసన తిరిగే ముక్క) పంటికి తగలగానే వేగం పడిపోయి శ్రుతి మారిపోతుంది. ఆ మార్పుని వెంటాడే ఫిల్టర్‌తో లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లు 2011లో ఒక నమూనా పరికరం గురించి ప్రకటించారు. మామూలుగా అయితే చెవి మొత్తం కప్పే మెత్తటి హెడ్‌ఫోన్సే మేలు. పై శ్రుతుల్ని ఆపేది ఆ కప్పే, అందులోని ఎలక్ట్రానిక్స్ కాదు.

బుజ్జి_వాళ్లమ్మ
మా పాపకి పాల పళ్లు పుచ్చితే అసలు డ్రిల్లే వాడలేదు. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అని ఓ మందు పూశారు, పుచ్చు ఆగింది. కాకపోతే ఆ చోటు నల్లబడింది. వెనక పళ్లే కాబట్టి మేం పట్టించుకోలేదు. ఇంకో పంటికి పుచ్చు తవ్వకుండానే స్టీలు తొడుగు వేశారు.

మొండిఘటం
లేజర్ చేయించుకోండి, చప్పుడే ఉండదు.

తెల్లకోటు
ఉంటుందండీ, టప్ టప్‌మని. కీచు మాత్రం ఉండదు. పాత వెండి ఫిల్లింగ్ తీయాలంటే మళ్లీ డ్రిల్లే దిక్కు.

అర్ధరాత్రి_పాఠకి
నాకు పాటలకంటే పనిచేసింది ఒకటుంది. ఎడమ చెయ్యి ఎత్తితే ఆపేయాలని ముందే ఒప్పందం. రెండోసారి నుంచి ఎత్తాల్సిన అవసరమే రాలేదు. మోత అదే, కానీ ఆపే స్విచ్ నా చేతిలో ఉందని తెలిశాక భరించగలిగాను. ఎప్పుడు మొదలుపెడుతున్నారో, ఎంతసేపో చెప్పమని కూడా అడగండి. హఠాత్తుగా వినపడితేనే గుండె జారేది.

పిప్పిపన్ను
ఫోన్ చేశాను. ఎలక్ట్రిక్ లేదట, చెయ్యెత్తితే ఆపుతామన్నారు. వేరేవాళ్ల డ్రిల్ వింటూ బయట కూర్చోకుండా పొద్దున్నే మొదటి అపాయింట్‌మెంట్ తీసుకున్నా. హెడ్‌ఫోన్స్ తెచ్చుకోవచ్చా?

తెల్లకోటు
తెచ్చుకోండి. పాట సౌండు మాత్రం మా మాట వినపడేంతలో ఉంచండి. హెడ్‌ఫోన్స్ కుర్చీలో తల ఆనించడానికి అడ్డు రాకుండా చూసుకోండి.