బోవా కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతోంది, ఎంత స్ప్రే కొట్టినా అంతే

వంశీ_కె: పొద్దుట్నుంచీ దీంతోనే సరిపోయింది, విసుగొచ్చేసింది. మా ఆడ బోవా పాము కుబుసం ఒక్క తొడుగులా రాకుండా ముక్కలుగా ఊడుతోంది. నడుం మీదా తోక చివరా అంటుకుపోయింది. కుడి కన్ను ఇంకా పాలరంగులోనే ఉంది. రోజూ రెండు పూటలా స్ప్రే కొడుతున్నా, తేమ మీటర్ 80 శాతం చూపిస్తోంది. టెంపరేచర్ కరెక్టే. ఈ సీజన్లో పిల్లలు కావాలని మగదాన్ని కూడా వదిలాను. ఎవరైనా త్వరగా చెప్పండి.

సరీసృపం: ఏ బోవా? కరెక్ట్ అంటే ఎంత? మీటర్ ఎక్కడుంది?

అడవిబాట: అన్నిటికన్నా ముందు, రిజిస్ట్రేషన్ ఉందా? వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో సైటీస్ (వన్యజీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోని విదేశీ జాతులు షెడ్యూల్ 4లోకి వచ్చాయి. బోవాలన్నీ ఆ జాబితాలోవే. సెక్షన్ 49ఎం కింద కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లో నమోదు చెయ్యాలి, పిల్లలు పుట్టినా చేతులు మారినా తెలియజెయ్యాలి. దాని రూల్స్ 2024 ఫిబ్రవరిలో వచ్చాయి. ఇంకో మాట. మన రెండు తలల పాము కూడా బోవానే. అదృష్టమనీ, లక్షలు పలుకుతుందనీ ఎవరైనా అమ్మజూపితే దగ్గరికి రానివ్వకండి.

లక్ష్మి_జె: రెండు తలల పాము బోవాల కుటుంబం బోయిడే కాదండీ, ఎరిసిడే కుటుంబం.

అడవిబాట: బోయిడేలోనే ఉపకుటుంబంగా పెట్టేవాళ్ళూ ఉన్నారండీ. ఏ కుటుంబమైనా పట్టుకుంటే కేసే.

వంశీ_కె: అండీ, నేనుండేది అమెరికాలో, డెట్రాయిట్ దగ్గర. ఇది బ్రెజిలియన్ రెయిన్‌బో బోవా. పైన మెష్ మూత, దాని మీద హీట్ బల్బు, కింద 95 ఫారెన్‌హీట్. ముల్లు మీటర్ నీళ్ళ గిన్నె పక్కన అద్దానికి అతికించి ఉంది. చలికదా, ఇంట్లో హీటర్ రోజంతా నడుస్తుంది.

సరీసృపం: అదీ సంగతి. 95 చాలా ఎక్కువ. మామూలు బోవాకే 90 దాటక్కర్లేదు. రెయిన్‌బోకి వేడి చోట 85 నుంచి 88, చల్లని వైపు 75–77 చాలు. థర్మోస్టాట్ లేకుండా బల్బు వెయ్యొద్దు, దాని ప్రోబ్ (వేడి కొలిచే మొన) పాము పడుకునే ఎత్తులోనే ఉండాలి.

మెష్ ఎనభై తొంభై శాతం కప్పెయ్యండి. బల్బు దగ్గర అల్యూమినియం ఫాయిల్, మిగతా చోట అక్రిలిక్ షీటు. తెరిచి ఉన్నంతసేపూ వేడిగాలి పైకి పోతూ తేమను లాక్కుపోతుంది, హీటర్ నడిచే ఇంట్లో మరీను. స్ప్రే ప్రభావం కాసేపే. కొబ్బరి పీచు, స్ఫాగ్నం నాచు కలిపి నాలుగంగుళాల మందాన పరిచి, నీళ్ళు మూలల్లోంచి పొయ్యండి. అడుగు తడిగా, పైపొర పొడిగా ఉండాలి. పైన కూడా తడిగా ఉంటే పొట్ట కింద పొలుసులు కుళ్ళుతాయి.

రమణ_టెర్రేరియం: 80 అంటే ట్యాంకంతా 80 ఉండాలి. బల్బు కింద కూడా.

సరీసృపం: అలా కుదరదు రమణగారూ. శాతం వేడిని బట్టి మారుతుంది. 77 డిగ్రీల దగ్గర 80 శాతమున్న గాలే 95 డిగ్రీలకి వేడెక్కితే 45 శాతం చూపిస్తుంది, అందులో నీటి ఆవిరి మాత్రం అంతే. చల్లని వైపు తేమ 80–90 శాతం ఉంచి, లోపల తడి నాచు వేసిన డబ్బా ఒకటి పెడితే చాలు.

రమణ_టెర్రేరియం: అయితే శాతాలు చెప్పడమెందుకు, డ్యూ పాయింట్ (గాలిలో ఆవిరి నీటిబొట్లుగా మారే వేడి) చెప్పండి.

లక్ష్మి_జె: ముల్లు మీటర్లని నమ్మలేం. డిజిటల్ కొని దాన్నీ పరీక్షించండి. సీసా మూతలో చెంచాడు ఉప్పు, ముద్దయ్యేలా కొన్ని చుక్కల నీళ్ళు వేసి, మీటర్‌తోపాటు జిప్ కవర్లో రాత్రంతా ఉంచితే 75 శాతం చూపించాలి. ఎంత తేడా వస్తే అంత సవరించుకోండి.

ఇప్పటికిప్పుడైతే, గాలి రంధ్రాలున్న డబ్బాలో గోరువెచ్చని నీళ్ళలో పిండిన తువ్వాళ్ళు వేసి, 82 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి, పక్కనే ఉండి చూసుకోండి. తర్వాత తడి గుడ్డ వదులుగా పట్టుకుని అందులోంచి పాకనివ్వండి. తోక చివర రింగులా మిగిలిన పొరని వదిలెయ్యకండి, రక్తం ఆగి ఆ ముక్క చచ్చిపోతుంది. కంటి పొర జోలికి పోవద్దు. ఊడిన కుబుసంలో తలభాగాన్ని వెలుగుకి పట్టి చూడండి, రెండు కళ్ళ పొరలూ పారదర్శకంగా, గుండ్రంగా కనపడాలి. ఒకటే ఉంటే తేమ పెంచి వచ్చే కుబుసం దాకా ఆగండి. అప్పటికీ రాకపోతే సరీసృపాలు చూసే వెట్ దగ్గరికి వెళ్ళండి. గడ్డం కింద, కళ్ళ చుట్టూ నల్లచుక్కలు కదులుతుంటే అవి మైట్స్ (రక్తం పీల్చే చిన్న పురుగులు), వాటికి వేరే మందు.

సరీసృపం: మగదాన్ని తీసెయ్యండి. ఆడదానికి మూడు నాలుగేళ్ళు, కిలోన్నర బరువు ఉండాలి. రెండు కుబుసాలు శుభ్రంగా వచ్చాక వచ్చే శీతాకాలం చూద్దురుగాని. రాత్రి వేడి 70–72కి దించినా తేమ దించకూడదు. ఐదు నెలల చూలు, వేడి ఎక్కువైతే పిల్లలు చచ్చి పుట్టే ముప్పుంది. పుట్టినవి ఇంకా త్వరగా ఎండిపోతాయి. విడివిడి డబ్బాల్లో తడి పేపర్ టవల్ మీద ఉంచాలి, మొదటి కుబుసం విడిచాకే మేత.

రమణ_టెర్రేరియం: డ్యూ పాయింట్ సంగతి ఎవరూ చెప్పలేదు.

వంశీ_కె: మెష్ కప్పేశా, మగదాన్ని తీసేశా. తోక పొర వచ్చేసింది. కన్ను అలాగే ఉంది. థ్యాంక్స్ అండీ.

లక్ష్మి_జె: ఆడదాని బరువెంతో చెప్పలేదు మీరు.