విచిత్రమైన పాత్రలను పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

మార్జిన్_నోట్సు:
మా చదువరుల బృందంలో త్వరలో నేను మాట్లాడాలి. రెండు విచిత్రమైన పాత్రల మధ్య పోలికలు, తేడాలు చెప్పాలి. కన్యాశుల్కం నాటకంలోని గిరీశాన్ని, బారిస్టర్ పార్వతీశం నవలలోని పార్వతీశాన్ని తీసుకున్నాను. ఇద్దరికీ ఇంగ్లీషు చదువు మీద మోజు, ఇద్దరూ మనల్ని నవ్విస్తారు, ఇద్దరూ ఉన్న చోటు వదిలి ఇంకో చోటికి బయల్దేరతారు. కాగితం మధ్యలో గీత గీసి ఇటు ఒకణ్ణి, అటు ఒకణ్ణి పెట్టి రాసుకుంటూ పోతే మోసగాడు–అమాయకుడు, గడుసువాడు–వెర్రిబాగులవాడు, మాటకారి–తడబడేవాడు అని బోలెడు జంటలు వచ్చాయి. అన్నీ నిజాలే గానీ, ఆ రెండు పుస్తకాలూ చదివినవాళ్లకు ఇందులో కొత్తగా చెప్పింది ఏమీ లేదు. మీరు ఇలా పోల్చి చదివినప్పుడు ఎక్కడ నిజంగా ఏదైనా దొరికింది? ఏ జంట అయినా సరే, ఏ భాషదైనా సరే.

రెండో_బెల్లు:
నేను నాటకాల మనిషిని కాబట్టి ఆ వైపు నుంచే చెప్తాను. గిరీశాన్ని వేరే పుస్తకంలోని మనిషితో పోల్చే ముందు తన నాటకంలోనే ఎవరి పక్కన ఎలా ఉంటాడో చూడండి. శిష్యుడు వెంకటేశం పక్కన ఉంటే మహాపండితుడు. వితంతువు బుచ్చమ్మ పక్కన ఉంటే సంస్కర్త. వేశ్య మధురవాణి ముందు మాత్రం ఆ మాటల్లో ఒక్కటీ పనిచెయ్యదు, ఆవిడ నవ్వుతూనే చుట్టూ గోడ కట్టేస్తుంది. పూటకూళ్లమ్మ వస్తోందంటే మంచం కింద దూరతాడు, అక్కడ అప్పటికే రామప్ప పంతులు ఉంటాడు. రిహార్సల్లో ఆ రంగం చేస్తున్నప్పుడల్లా నాకు ఒకటే అనిపించేది: ఒకే మంచం కింద ఇద్దరు మోసగాళ్లను పెట్టడం గురజాడ ఊరికే చెయ్యలేదు. పంతులుకి కావలసింది డబ్బు, దావాలు, తగువులు. అతను చెప్పేది అబద్ధమని విన్నవాడికి ఎప్పుడో ఒకప్పుడు తెలిసిపోతుంది. గిరీశం చెప్పేవాటిలో సగం మంచి మాటలే. వితంతు వివాహం కావాలంటాడు, నిజంగానే కావాలి కదా! మంచి మాటను స్వార్థానికి వాడుకునేవాడు ఉత్త అబద్ధాలకోరు కన్నా ఎంత ప్రమాదమో ఆ ఇద్దరినీ పక్కపక్కన చూస్తేనే తెలుస్తుంది. మీ పట్టికలో ఇద్దరూ మోసగాళ్లు అనే ఒకే గడిలో పడేవాళ్లు. తేడా ఉన్నదేమో ఆ గడి లోపల.

అందుకని నా సలహా, పూర్తిగా ఎదురెదురుగా ఉన్నవాళ్లను కాకుండా దాదాపు ఒకేలా ఉన్నవాళ్లను తీసుకోండి.

అట్ట_చిరిగిన_పుస్తకం:
రెండో బెల్లు గారు చెప్పినది నాటకానికి బాగా సరిపోతుంది. నవలకు వచ్చేసరికి ఇంకో ప్రశ్న ఉంటుంది, కథ ఎవరు చెప్తున్నారు? 1924లో వచ్చిన మొదటి భాగంలో మొగల్తూరు నుంచి బయల్దేరిన పార్వతీశం తన కథ తానే చెప్పుకుంటాడు. ఆడవాళ్లు పెట్టుకునే టోపీ కొనుక్కుని, అది దొరల టోపీ అనుకుని దర్జాగా పెట్టుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఎందుకు నవ్వుతున్నారో అతనికి అర్థం కాదు, మనకు అర్థమవుతుంది. అంటే అక్కడ పార్వతీశానికి ఎదురుగా ఉన్న పాత్ర ఇంకెవరో కాదు, చదువుతున్న మనమే. పైగా ఆ కథ చెప్తున్న పార్వతీశం టోపీ కొన్న పార్వతీశం కన్నా కాస్త పెద్దవాడు, తన పాత తెలివితక్కువతనాన్ని దాచుకోకుండా ప్రేమగా చూస్తాడు. గిరీశం తన గురించి అలా చూసుకోగలడా? వాడికి అంత తీరిక ఉండదు, తర్వాతి అబద్ధం సిద్ధం చేసుకోవాలి. మార్జిన్ నోట్సు గారూ, మీ జంటలో ఈ తేడా నాకు బాగా పెద్దదిగా కనిపిస్తోంది, దీన్ని వదలకండి.

కథ ఎవరు చెప్తారన్న దానికి ఇంకో ఉదాహరణ షెర్లాక్ హోమ్స్. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న సంగతి కూడా తెలియనివాడు, తెలిసినా మర్చిపోవడానికే ప్రయత్నిస్తానంటాడు. ఈ సంగతి 1887 నాటి మొదటి నవలలోనే ఉంది. అది చదివి మనం ఆశ్చర్యపోతున్నామంటే ముందు ఆ కథ చెప్తున్న అతని మిత్రుడు వాట్సన్ ఆశ్చర్యపోయాడు కాబట్టి. చాలా ఏళ్ల తర్వాత, 1926లో వచ్చిన ఒక కథను హోమ్సే చెప్తాడు. వాట్సన్ ఉత్త వివరాలు వదిలేసి పాఠకులకు రుచించేలా రాస్తాడని అంతకు ముందు విసుక్కున్నవాడు, కలం పట్టుకున్నాక పాఠకుడికి ఆసక్తి కలిగేలా రాయక తప్పదని ఒప్పుకుంటాడు. చదివి చూడండి, ఆ కథలో అతని తెలివి ఏమీ తగ్గలేదు, విచిత్రం మాత్రం సగానికి సగం పోయింది. ఎందుకంటే తన అలవాట్లు తనకు వింతగా ఉండవు.

సాయంకాలం:
ఎవరూ డాన్ క్విక్సోట్ పేరు ఎత్తలేదేమిటి? పొడుగ్గా బక్కగా గుర్రం మీద ఒకాయన, పొట్టిగా లావుగా గాడిద మీద అతని సేవకుడు సాంచో, పిచ్చి కలలు ఒకరివి, కూడూ గుడ్డా గొడవ ఇంకొకడిది. అందరూ ఇంతవరకే చెప్పి ఆపేస్తారు. 1605లో వచ్చిన మొదటి భాగం వరకు అది సరిపోతుంది కూడా. 1615 నాటి రెండో భాగం చదవకపోతే అసలు సంగతి పోయినట్టే.

అందులో ఒక చోట సాంచో తన యజమానిని మోసం చెయ్యాల్సి వస్తుంది. గాడిద మీద వస్తున్న ఒక పల్లెటూరి పిల్లను చూపించి ఆవిడే మీరు కలలు కనే రాజకుమారి డుల్సీనియా అంటాడు. అప్పటిదాకా గాలిమరల్ని రాక్షసులుగా చూసిన పెద్దమనిషికి ఆ రోజు పల్లెటూరి పిల్లే కనిపిస్తుంది. ఎప్పుడూ ఉన్నదున్నట్టు చూసే సాంచో రాజకుమారిని వర్ణిస్తుంటాడు. ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు! ఇంకా ముందుకెళ్తే సాంచోకి వేళాకోళానికి ఒక ద్వీపం ఇచ్చి పాలించమంటారు, వాడు చదువు రానివాడైనా బ్రహ్మాండమైన తీర్పులు ఇస్తాడు. అప్పు తీర్చేశానని ప్రమాణం చేసే ముసలాయన చేతికర్రలో బంగారు నాణేలు దాచాడని కనిపెట్టేది వాడే. చివర్లో మంచం మీద యజమానికి పిచ్చి వదిలిపోతుంది, నేను అలొన్సో కిహానోని, వీరుణ్ణీ కాదు ఏమీ కాదు అంటాడు. సాంచో ఏడుస్తూ, లేవండి, గొర్రెల కాపర్లమై పొలాల్లోకి పోదాం అని బతిమాలతాడు. ఆ పిచ్చి కథలు ఒక్కటీ నమ్మనివాడే ఇప్పుడు అవి కావాలంటున్నాడు. నాకు ఆ పేజీలు ఎన్నిసార్లు చదివినా గొంతు పట్టేస్తుంది.

నేనైతే ఏ జంటనైనా ఇలాగే చూస్తాను. కలిసి తిరిగాక ఎవరి దగ్గర ఎవరిది ఏం మిగిలింది? మొదట్లో ఎలా ఉన్నారో చివరికీ అలాగే ఉంటే ఆ తేడా గురించి పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

వెనక_బెంచి:
అందరితో సగం ఒప్పుకుంటాను. కానీ సాయంకాలం గారూ, మారకపోయినా గొప్పగా ఉండే జంటలున్నాయి. 1853 నాటి బార్టిల్‌బీ కథ తీసుకోండి. లాయరు ఆఫీసులో నకళ్లు రాసే ఇద్దరు గుమాస్తాలు ముందు వస్తారు. టర్కీ అనే ముసలాయన మధ్యాహ్నం వరకు బుద్ధిమంతుడు, ఆ తర్వాత మొహం ఎర్రబడి కాగితాల మీద సిరా మరకలు. నిప్పర్స్ అనే కుర్రాడికి పొద్దున చిరాకు, బల్ల ఎత్తు సరిపోలేదని దానితో కుస్తీ, మధ్యాహ్నం నుంచి నెమ్మది. ఒకడి తిక్క దిగేసరికి ఇంకొకడి తిక్క ఎక్కుతుంది కాబట్టి పని నడిచిపోతోందని లాయరు సంతృప్తిగా చెప్పుకుంటాడు. ఇద్దరూ వింతే, ఇద్దరూ మారరు, అయినా ఒకరికొకరు అచ్చంగా సరిపోయారు.

ఆ తర్వాత బార్టిల్‌బీ వస్తాడు. చెయ్యమన్న పని చెయ్యకుండా ఉండటమే తనకిష్టమని మర్యాదగా అంటాడు, అంతే. కోపం లేదు, కారణం చెప్పడు. అంతకు ముందు చూసిన ఇద్దరి తిక్కకు టైమ్ టేబుల్ ఉంది, లాయరు దాన్ని లెక్కలో వేసుకోగలిగాడు. ఇతని విచిత్రం ఏ లెక్కకూ అందదు. దాన్ని సర్దుకోవడానికి రెండో మనిషి లేడు. నా ఉద్దేశంలో ఆ ఇద్దరినీ ముందు చూపించడం వల్లే బార్టిల్‌బీ అంత ఒంటరిగా కనిపిస్తాడు. కథ మొదట్లో ఇతని ప్రవేశమే ఉండి ఉంటే మొండి ఉద్యోగి అనుకుని ఊరుకునేవాళ్లం.

మార్జిన్_నోట్సు:
అందరికీ థాంక్స్. కథ చెప్పే పార్వతీశం, టోపీ కొన్న పార్వతీశం వేరని అన్నది నాకు చాలా పనికొస్తుంది. ఒక సందేహం. మీరు చెప్పినవాటిలో చాలావరకు నవ్వించే పాత్రలే. నవ్వు లేని చోట కూడా ఇలా పోల్చవచ్చా?

పేజీ_తిప్పు:
తప్పకుండా. నేను పాఠాలు చెప్పే మనిషిని. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లోని సీతారామారావుని, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లోని దయానిధిని పోల్చమని అడిగితే పిల్లలు రాసే సమాధానాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఇద్దరూ అంతర్ముఖులు, ఇద్దరూ లోకంతో కలవలేరు, ఒకడు నాశనమయ్యాడు, ఇంకొకడు తనతో తాను రాజీపడ్డాడు. తప్పేమీ కాదు, మార్కులు కూడా వేస్తాం. కానీ నేను క్లాసులో ఒకటి అడుగుతాను: ఇద్దరూ నెత్తిన మోస్తున్నది ఏమిటి, అది ఎవరు పెట్టారు?

సీతారామారావుకి తండ్రి పెట్టింది వంశప్రతిష్ఠ. దానికోసం ఆస్తి పోగొట్టుకున్నాడు, పోయిన తర్వాత ఆ మంచిపేరు మీదే కక్ష పెంచుకున్నాడు, తర్కంతో అన్నిటినీ నరుక్కుంటూ పోయి చివరికి స్మశానంలో తేలాడు. దయానిధికి తల్లి నుంచి వచ్చింది చెడ్డపేరు. ఆవిడ గురించి లోకం అన్న మాటలు ఎక్కడికెళ్లినా వెంట వస్తాయి, పెళ్లిలో వస్తాయి, స్నేహాల్లో వస్తాయి. ఒకణ్ణి మంచిపేరు పీడించింది, ఇంకొకణ్ణి చెడ్డపేరు. నాకైతే చెడ్డపేరు మోసినవాడే చివరికి తేలికయ్యాడనిపిస్తుంది. ఎందుకంటే దయానిధికి నిలబెట్టుకోవలసింది ఏమీ లేదు. ఈ మాట ఒక అమ్మాయి సమాధానం దిద్దుతూ ఉంటే తట్టింది, ఆమె ఇద్దరి తల్లిదండ్రుల గురించి ఒక పేరా రాసి మిగతా ప్రశ్న వదిలేసింది. ఆ పేరా మిగిలిన పేపర్లన్నిటికన్నా బాగుంది.

ఇంకొకటి, సీతారామారావు పక్కన రామయ్య తాత ఉన్నాడు కదా, ఆయన్ని మర్చిపోవద్దు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఒప్పుకుని బతికే మనిషి. సీతారామారావు వాదనలన్నీ విన్నాక కూడా ఆయన నెమ్మదిగానే ఉంటాడు. ఆ నెమ్మది లేకపోతే సీతారామారావు వాదనే సరైనదేమో అనుకునే ప్రమాదం ఉంది.

అట్ట_చిరిగిన_పుస్తకం:
పేజీ తిప్పు గారూ, మంచిపేరు–చెడ్డపేరు సంగతి నేనెప్పుడూ అలా చూడలేదు, మళ్లీ రెండూ చదవాలి.

అయితే పక్కన పెట్టిన మనిషి మరీ ఆదర్శంగా ఉంటే పోలిక చెడిపోతుంది. ఒబ్లోమోవ్ నవల (1859) చూడండి. మొదటి భాగం దాదాపు అంతా మనిషి మంచం దిగడానికే సరిపోతుంది. అతనికి ఎదురుగా పెట్టింది స్టోల్జ్‌ని, సగం జర్మన్, ఎప్పుడూ పనే, ప్రయాణాలే. రచయిత అతన్ని ఎంత మెచ్చుకున్నా నాకు పుస్తకం మూసేశాక మొహం గుర్తుండదు. గుర్తుండేది పనివాడు జఖార్. యజమానికి మేజోళ్లు తొడుగుతాడు, గిన్నెలు పగలగొడతాడు, తనూ అంతే బద్ధకస్తుడు. ఒబ్లోమోవ్ బద్ధకం ఎంత ఖరీదైనదో నాకు స్టోల్జ్ వల్ల తెలియలేదు, జఖార్ వల్ల తెలిసింది. ఇద్దరికీ ఒకే జబ్బు. ఒకడికి అది కలలు కనడానికి పనికొచ్చింది, ఇంకొకడికి తిట్లు తినడానికి.

వెనక_బెంచి:
అదే దాస్తొయెవ్‌స్కీ ‘ఇడియట్’ నవలలో మిష్కిన్, రొగోజిన్‌లను చూడండి, రైలు పెట్టెలో ఎదురెదురుగా కూర్చోబెట్టి మొదలుపెట్టాడు. ఒకడు సాధువు, ఇంకొకడు అగ్గి. మధ్యలో ఇద్దరూ మెడలోని శిలువలు మార్చుకుంటారు, అన్నదమ్ములమంటారు. మిష్కిన్ మంచివాడైనా మొహం గుర్తుండకుండా పోడు, ఎందుకంటే అతని మంచితనం వల్ల చుట్టూ ఉన్నవాళ్లకు మేలు ఎంత జరిగిందో కీడూ అంత జరిగింది.

సాయంకాలం:
రెండో బెల్లు గారూ, మరి కన్యాశుల్కంలోని వకీలు సౌజన్యారావు పంతులు సంగతేమిటి? ఆయనా మంచివాడే. స్టోల్జ్ లాగా చప్పగా అయిపోయాడా, స్టేజి మీద?

రెండో_బెల్లు:
ఆ పాత్ర వేసేవాళ్లకు అదే భయం. ఉపన్యాసంలా చెప్తే చప్పగానే ఉంటుంది. కానీ మధురవాణి మగవేషంలో ఆయన ఇంటికి వచ్చిన రంగం ఉంది చూడండి, అక్కడ ఆయన కూడా కదులుతాడు. వేశ్యల మొహం చూడనని నియమం పెట్టుకున్న మనిషి ఒక ముద్దు దాకా వస్తాడు. ఆవిడే ఆపుతుంది, చెడనివారిని చెడగొట్టవద్దని తన తల్లి చెప్పిందంటుంది. ఆ ఒక్క క్షణం బాగా చేస్తే సౌజన్యారావు బొమ్మ కాదు, మనిషి. గిరీశాన్ని ఆయన ముందు నిలబెట్టినప్పుడు కూడా అందుకే బరువు వస్తుంది, ఇద్దరూ సంస్కరణ మాటలే మాట్లాడతారు, ఒకాయన ఆ మాటల కోసం తన నియమాన్నే పరీక్షకు పెట్టుకున్నాడు.

మార్జిన్ నోట్సు గారూ, మీకు సమయం ఉంటే ఇంకో జంట చూడండి, వెంకటేశం, సాంచో. ఇద్దరూ శిష్యులే. సాంచో యజమాని దగ్గర ఏదో నేర్చుకుని ద్వీపం పాలించే దాకా వెళ్లాడు. వెంకటేశం గిరీశం దగ్గర నేర్చుకున్నది తల్లి ముందు ఇంగ్లీషు మాట్లాడుతున్నట్టు పాఠాల ముక్కలు అప్పజెప్పడం. చివరి రంగంలో గిరీశం పక్కన వెంకటేశం లేడు. ఆ కుర్రాడు తర్వాత ఏమయ్యాడని ప్రేక్షకులు మమ్మల్ని అడుగుతుంటారు. క్విక్సోట్ శిష్యుడి గురించి అలా అడగాల్సిన అవసరం రాదు, అతని సంగతి పుస్తకమే చెప్పింది.

మార్జిన్_నోట్సు:
అయితే పార్వతీశాన్ని ఉంచుతాను, గిరీశం వైపు మాత్రం వెంకటేశాన్నీ, మంచం కింది రామప్ప పంతులినీ కలుపుకుంటాను. రామయ్య తాత కోసం అసమర్థుని జీవయాత్ర ఈ రాత్రే మళ్లీ మొదలుపెడుతున్నాను. మాట్లాడాక వాళ్లేమన్నారో ఇక్కడే రాస్తాను.