చింపాంజీలను వదిలేసి హెపటైటిస్ పరిశోధన చెడగొట్టుకున్నామా?

పామర్రు_శీను: అమెరికాలో ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 2015లో చింపాంజీల మీద ప్రయోగాలకు పూర్తిగా స్వస్తి చెప్పింది. నన్నడిగితే తప్పే. 1989లో హెపటైటిస్ సి వైరస్ దొరికిందే జబ్బు ఎక్కించిన చింపాంజీ రక్తంలోంచి. ఇప్పుడు దేని మీద చూస్తారట?

తెల్లకోటు: కణాల మీద, శీనుగారూ. బి వైరస్ కాలేయ కణంలోకి ఏ తలుపున దూరుతుందో 2012లో బీజింగ్‌లో వెన్‌హుయి లీ బృందం పట్టుకుంది. ఎన్‌టీసీపీ అనే ప్రోటీన్ అది. రక్తంలోని పైత్యరస ఆమ్లాలను కణంలోకి లాగడం దాని మామూలు పని. వైరస్ పైపొరలోని ప్రీ-ఎస్1 ముక్కను ఎరగా వేశారు, వెలుతురు పడగానే దేన్ని పట్టుకుందో దానికే అతుక్కుపోయేలా. ల్యాబ్‌లో పెంచే హెప్‌జి2 అనే మనిషి కాలేయ క్యాన్సర్ కణాలకు ఈ వైరస్ సోకదు కదా, ఎన్‌టీసీపీ పెట్టగానే సోకింది. చింపాంజీ ఎక్కడుంది ఇందులో?

పామర్రు_శీను: ఎర వేసింది ట్రీ ష్రూ కాలేయ కణాల్లో కదా? అది జంతువు కాదా? కోయకుండానే కణాలొచ్చాయా?

తెల్లకోటు: చింపాంజీ లేదన్నాను. జంతువే లేదనలేదు.

పామర్రు_శీను: మాట మార్చకండి.

కాకినాడ_కాజా: ట్రీ ష్రూ అంటే ఉడుతేనా?

తెల్లకోటు: కాదండీ, చూడ్డానికి అలా ఉంటుందంతే.

పామర్రు_శీను: సరే, ఎలుక సంగతి చెప్పండి. దానికి మనిషి ఎన్‌టీసీపీ పెట్టినా, అదే తలుపున దూరే హెపటైటిస్ డి వైరస్ సోకుతుంది గానీ బి సోకదు. అంటే తలుపొక్కటే చాలదనేగా? మిగతాది ఎందులో చూస్తారు, గాజు పళ్ళెంలోనా?

తెల్లకోటు: చింపాంజీలు అన్నేళ్ళు చేతిలో ఉన్నా ఆ తలుపైనా వాటిలో దొరకలేదు. మీకు జంతువులంటే జాలి లేకపోతే ఆ మాటే చెప్పండి.

పామర్రు_శీను: జాలా! మా నాన్న 2009లో కాలేయ క్యాన్సర్‌తో పోయారు. నాకూ బి పాజిటివే. మెడికల్ టెస్టులో అది చూసి ఒక కంపెనీ ఇచ్చిన ఉద్యోగం వెనక్కి తీసుకుంది. నా మీద ఎవరు పడ్డారు జాలి?

అడ్మిన్: ఇద్దరూ కాస్త తగ్గండి.

తెల్లకోటు: ఆ మాట అనకుండా ఉండాల్సింది. వారానికి నాలుగు ఎలుకల్ని చంపే చేతులే నావీ, నేనేం పెద్ద దయామయుణ్ణి కాదు. పని ఆగలేదని చెప్పబోయాను. ఆ తలుపుకే గొళ్ళెం పెట్టే బులెవిర్టైడ్ అనే మందుకు 2020లో యూరప్‌లో అనుమతి వచ్చింది.

పామర్రు_శీను: డి ఉన్నవాళ్ళకి. నాకున్నది బి. ఎప్పుడో దూరి కూర్చుంది, ఇప్పుడు గొళ్ళెం వేస్తే ఏం లాభం? కణం నడిబొడ్డున సీసీసీడీఎన్‌ఏ, అదే వైరస్ పాతుకున్న డీఎన్‌ఏ, అలాగే ఉంటుంది, వైరస్‌ను అణిచిపెట్టే టెనోఫోవిర్ మాత్ర రోజూ రాత్రి మింగుతూనే ఉంటాను. మీకు తలుపు దొరికితే పేపరు. నాకు మందు కావాలి, అది కోతిలో దొరికినా సరే, కుక్కలో దొరికినా సరే.

తెల్లకోటు: ఇంట్లో వాళ్ళకు టీకాలు వేయించారా?

పామర్రు_శీను: అందరికీ వేయించాను. పాపకు పుట్టిన రోజే వేశారు. అయినా మా ఇంట్లో నా స్టీలు గ్లాసు వేరు. అడుగున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క ఉంటుంది.

తెల్లకోటు: గ్లాసుతో అంటదండీ అది.

పామర్రు_శీను: నాకు తెలుసు. మా అత్తగారికి చెప్పండి.