కిడ్నీలో తిత్తులు, బీపీ ఎక్కువ, పొటాషియం మాత్రం తక్కువ

ప్రశ్న (చిత్తూరు):
మా నాన్నగారికి రెండు కిడ్నీల్లోనూ నీటితిత్తులు ఉండేవి. నాకూ వచ్చాయి. వయసు 36, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1. టెల్మిసార్టాన్ మాత్ర వేసుకుంటున్నా బీపీ 150/96 నుంచి దిగడం లేదు. నిన్నటి రక్తపరీక్షలో పొటాషియం 3.1. కిడ్నీ జబ్బులో అది పెరుగుతుందని కదా అంటారు? రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి. రోజుకు రెండు కొబ్బరిబోండాలు తాగితే సరిపోతుందా?

సమాధానం (తిరుపతి):
బోండాల సంగతి తర్వాత చూద్దాం. తిత్తులు పెరిగి పక్కనున్న రక్తనాళాలను నొక్కితే, రక్తం చాలడం లేదనుకుని కిడ్నీ బీపీని పెంచే రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. అందుకే ఈ జబ్బులో క్రియాటినిన్ బాగున్నప్పుడే బీపీ మొదలవుతుంది. కానీ టెల్మిసార్టాన్ పొటాషియాన్ని కాస్త పెంచే మందు. అది వేసుకుంటూ కూడా 3.1 ఉందంటే (3.5 నుంచి 5 మధ్య ఉండాలి) ఎక్కడో పోతోంది. మాత్ర పేరు పక్కన ‘హెచ్’ అక్షరం ఉందేమో చూడండి. వాంతులు, విరేచనాలు అయ్యాయా? నాటుమందులేమైనా వాడుతున్నారా?

ప్రశ్న అడిగినవారు:
అట్ట తిప్పి చూశాను, హెచ్ ఉంది. వెనక చీమతలంత అక్షరాల్లో హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 మి.గ్రా. అని రాసి ఉంది. నాటుమందులు లేవు. పొడిదగ్గుకని మా అత్తగారు నెల రోజులుగా అతిమధురం కషాయం ఇస్తున్నారు, అంతే.

సమాధానం (తిరుపతి):
అంతే అంటారేమిటండీ, అసలు సంగతి అదే కావచ్చు! హెచ్ మందు మూత్రంలో పొటాషియాన్ని పోగొడుతుంది, నిజమే. కానీ బీపీని కూడా దించాలి కదా? మీకు దిగలేదు. అతిమధురంలోని గ్లిసరైజిన్ ఒంట్లో ఉప్పును నిలబెట్టి బీపీ పెంచుతుంది, పొటాషియాన్ని బయటికి పంపుతుంది. మీకు రెండూ కలిశాయి.

కషాయం ఈరోజే మానేయండి. ప్రభావం పూర్తిగా పోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. మాత్రను మాత్రం సొంతంగా ఆపకండి. అట్టతో సహా ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకు చూపించండి, ఈసీజీ, మెగ్నీషియం పరీక్షల గురించి అడగండి. గుండె దడ, కాళ్లలో సత్తువ లేకపోవడం ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. టెల్మిసార్టాన్ మీద ఉండి, పొటాషియం ఎక్కువుండే బోండాలు, సోడియం తక్కువ ఉప్పు ఎడాపెడా వాడితే పొటాషియం ఒక్కసారిగా రెండో వైపుకు, అంటే మరీ ఎక్కువకు పోతుంది.

ఇవన్నీ సర్దుకున్నా పొటాషియం తక్కువగానే ఉంటే ఆల్డోస్టిరాన్, రెనిన్ పరీక్షలు చేయించాలి. ఆల్డోస్టిరాన్ అంటే కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథి వదిలే, ఉప్పును నిలబెట్టి పొటాషియాన్ని పోగొట్టే హార్మోన్. ఆ గ్రంథిలో దోషముండి అది ఎక్కువైతే రెనిన్ అణగిపోయి ఉంటుంది. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం) విభాగం ఉంది. మీకు వేలూరు సీఎంసీ కూడా దగ్గరే.

ప్రశ్న అడిగినవారు:
రేపు ఉదయమే వెళ్తున్నాను. ఈ పూట కషాయం గిన్నె ఇంకా పొయ్యి మీదే ఉంది. అత్తగారికి ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నాను.