న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కేనోకోనియోసిస్: ఎక్కడెక్కడ విరవాలి?

ప్రశ్న (నెల్లూరు నుంచి): మా మేనల్లుడు బళ్లో ఈ మాట తడబడకుండా పలకాలంట. 'ప్న్యూ' దగ్గరే ఆగిపోతా ఉండాడు. ఎట్టా విరవాలో చెప్పండన్నా.

– ముందు ఆ 'ప' తీసెయ్ తమ్ముడూ. ఇంగ్లీషు స్పెల్లింగులో ఉంటుంది గానీ పలకరు. న్యుమోనియాలో పలుకుతున్నామా? మిగిలింది ఆరు ముక్కలు: న్యూమోనో, అల్ట్రా, మైక్రోస్కోపిక్, సిలికో, వాల్కేనో, కోనియోసిస్. గ్రీకులో న్యూమోన్ అంటే ఊపిరితిత్తి, కోనిస్ అంటే దుమ్ము. అగ్నిపర్వతం (వాల్కేనో) చిమ్మే కంటికి కనపడనంత సన్నటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి తెచ్చే జబ్బు. అర్థం చెప్పి పలికించు, విరుపు వాడికే దొరుకుతుంది.

అసలు చిక్కు న్యూమోనో పక్కన అల్ట్రా. రెండు అచ్చులు ఎదురుపడితే మన నాలిక ఊరుకోదు, సంధి చేసేస్తుంది. 'న్యూమోనల్ట్రా' అన్నాడంటే ఒక అక్షరం పోయినట్టే. దానికంటే 'న్యూమోనోవల్ట్రా' అన్నా నయం, లెక్క చెడదు. ఇక 'అల్ట్రా'లో అ పొట్టిదే అయినా ఛందస్సులో గురువు (బరువైన అక్షరం; తేలికది లఘువు). 'ల్' దాన్ని పట్టుకుని పలుకుతుంది కదా, అందుకు. రాసేది అ-ల్ట్రా, నోట్లో పలికేది అల్-ట్రా. చివర్లో 'యో' మీద గట్టిగా ఊనమను.

– మాస్టారూ, లెక్కేశా. 19 అక్షరాలు. శార్దూలం పద్యంలో ఒక పాదానికి సరిగ్గా సరిపోయింది!

– సంఖ్య సరిపోతే పద్యమవుద్దా అబ్బయా? మొదటి మగణం (మూడు గురువులు) న్యూమోనోతో కుదిరింది. తర్వాత సగణం (రెండు లఘువులు, ఒక గురువు) రావాల, వచ్చింది అల్ట్రామై, మూడూ గురువులే. శార్దూలానికి 8 లఘువులు కావాల, దీంట్లో సి, లి, ని మూడే. ఆ సిలికో అల్ట్రా స్థానంలో ఉన్నా ఇంకాస్త దూరం నడిచేది.

– ఇది డాక్టర్లు పెట్టిన పేరు కూడా కాదు. 1935లో అమెరికాలో పదక్రీడల సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ పొడుగు కోసమే అల్లాడు. ఇంగ్లీషులో 45 అక్షరాలు. మా సైదాపురం వైపు తెల్లరాయి క్వారీలుండాయి. ఆ రాయి సిలికానే, అగ్నిపర్వతం మాత్రం యాడా లేదు. ఆ దుమ్ముతో వచ్చే జబ్బుకు డాక్టర్లు రాసేది సిలికోసిస్ అనే. నాలుగు అక్షరాలు, చీటీలో పడతాయి.

– సరేనన్నా. వాడిప్పుడు వాల్కేనో దాకా వచ్చాడు, 'కోనియో'ని 'కోనయ్య' అంటా ఉండాడు.