రక్త క్యాన్సర్ వల్ల పోయిన వినికిడి ఎవరికైనా తిరిగొచ్చిందా?

మా అన్నయ్యకి ఉన్నట్టుండి కుడి చెవి వినపడటం మానేసింది, లోపల ఒకటే హోరు. చెవి డాక్టర్ స్టెరాయిడ్ మాత్రలిచ్చి, రక్త పరీక్ష కూడా రాశారు. అది రాయడం మా అదృష్టం. తెల్ల రక్తకణాలు 4,000 నుంచి 11,000 మధ్య ఉండాల్సింది, 2 లక్షలు దాటాయి. బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యు పరీక్షలో క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, అంటే ఒక రకం రక్త క్యాన్సర్ అని తేలింది. కణాలు మితిమీరి రక్తం చిక్కబడి, లోపలి చెవికి వెళ్లే సన్నని రక్తనాళంలో ప్రవాహం మందగించి ఉంటుందని, ఇలా జరగడం చాలా అరుదని చెప్పారు.

ఇమాటినిబ్ అనే క్యాన్సర్ మందు మొదలుపెట్టాక కౌంట్ బాగా తగ్గింది. ఇప్పుడు టెన్షనంతా చెవి గురించే. ఎడమ చెవికీ వస్తుందేమోనని అన్నయ్య నిద్రపోవడం లేదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగిందా? కౌంట్ తగ్గాక వినికిడి కొంచెమైనా వచ్చిందా, ఎన్నాళ్లకి? కాక్లియర్ ఇంప్లాంట్ (వినపడటానికి ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం) చేయించుకున్నవాళ్లుంటే, ఆపరేషన్‌కి రక్త క్యాన్సర్ డాక్టర్ ఎప్పుడు ఒప్పుకున్నారో దయచేసి చెప్పండి.