గుర్రాన్ని తీసేసి రాకెట్ పెడితే సైన్స్ ఫిక్షన్ అయిపోతుందా?

పాతపత్రికలు: పల్ప్ (చౌక కాగితం మీద అచ్చైన కథల పత్రికలు) సైన్స్ ఫిక్షన్ అంతా ఎక్కడెక్కడినుంచో ఎత్తుకొచ్చిందేనని ఒకాయన వాదిస్తున్నారు. 1926 ఏప్రిల్లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ తెచ్చిన అమేజింగ్ స్టోరీస్ తొలి సంచికలో ఒక్క కొత్త కథ లేదు, వెర్న్, వెల్స్, పో, అన్నీ పునర్ముద్రణలే. మీరేమంటారు?

రీడర్_బెజవాడ: ఆయన కరెక్టే అండీ. రచయితలకి పదానికి ఇంత అని లెక్కగట్టి ఇచ్చేవాళ్లు, గెర్న్స్‌బ్యాక్ అయితే అదీ సరిగా ఇవ్వడని పేరు. ఎన్ని పేజీలు నింపితే అన్ని డబ్బులు అన్నప్పుడు కౌబాయ్ కథనే అంగారకుడి మీదికి తోలేస్తారు, ఇంకేం చేస్తారు.

నక్షత్రకుడు: నేనొప్పుకోను. ఎత్తుకురావడం వేరు, తెచ్చినదాన్ని మార్చడం వేరు. 1950 అక్టోబర్లో వచ్చిన గెలాక్సీ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక మొదటి సంచిక వెనక అట్ట చూడండి, పక్కపక్కనే రెండు పేరాలు, ఒకదాంట్లో బ్యాట్ డర్స్టన్ అనేవాడు రాకెట్లో దిగుతాడు, రెండోదాంట్లో అదే బ్యాట్ డర్స్టన్ గుర్రం మీద దిగుతాడు, మిగతా వాక్యాలు దాదాపు అవే, ఇలాంటివి మా పత్రికలో కనపడవు అని కింద రాశారు. అదే గెలాక్సీలో 1956లో ఆల్ఫ్రెడ్ బెస్టర్ సీరియల్ ద స్టార్స్ మై డెస్టినేషన్ మొదలైంది, అది అలెగ్జాండర్ డ్యూమా నవల ద కౌంట్ ఆఫ్ మాంటే క్రిస్టో అస్థిపంజరమే, అన్యాయం, జైలు, డబ్బు, పగ. కానీ బెస్టర్ లోకంలో మనుషులు తలచుకుంటే చాలు వందల మైళ్లు దూకేస్తారు, కాకపోతే తామెక్కడున్నారో తెలియాలి. మరి అలాంటివాళ్లని ఏ జైలు ఆపుతుంది? అందుకే భూగర్భంలో చిమ్మచీకటి గుహలో పెడతాడు, ఎక్కడున్నాడో ఖైదీకే తెలియదు. డ్యూమా నవల్లో ఖైదీని ఆపిన కోటగోడ ఇక్కడ చీకటైపోయింది! దీన్ని కాపీ అనడానికి నాకు మనసొప్పదు.

రీడర్_బెజవాడ: మరి అసిమోవ్ ఫౌండేషన్ కథలు? రోమ్ పతనం మీద చరిత్రకారుడు గిబ్బన్ రాసిందే కదా, అసిమోవే చెప్పుకున్నాడు.

నక్షత్రకుడు: చెప్పుకున్నాడు కాబట్టే దొంగతనం కాదంటున్నా. గిబ్బన్ కూలిపోయినదాన్ని వెనక్కి చూసి రాశాడు, ఇక్కడ ఫౌండేషన్‌లోని గణితజ్ఞుడు సెల్డన్‌కి తన సామ్రాజ్యం కూలబోతోందని ముందే లెక్కల్లో తెలుసు, ఆపలేడు, 30,000 ఏళ్ల అరాచకాన్ని 1,000 ఏళ్లకి తగ్గించగలడంతే. కథంతా ఆ మెలిక మీదే కదా నడిచేది.

రీడర్_బెజవాడ: మీరు చెప్పినవి రెండూ ఆణిముత్యాలండీ, కాదనను. కానీ గెలాక్సీవాళ్లు ఆ ప్రకటన వేయాల్సొచ్చిందంటేనే బ్యాట్ డర్స్టన్లు ఎంతమంది పుట్టుకొచ్చారో చూడండి, మామూలు సంచికల్లో నిండిపోయింది వాళ్లే.